అమెరికా సుంకం వేస్తే చెరువు గట్టు మీద ధర ఎందుకు పడుతుంది? ఎవరికి లాభం, ఎవరికి నష్టం: లెక్క కావాలి

డాబాగార్డెన్స్ పాఠకుడు (ప్రశ్న)

వచ్చే ఆదివారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో మా చర్చా బృందం కూర్చుంటోంది. అంశం: అభివృద్ధి, వర్తక విధానం వల్ల ఎవరు బాగుపడతారు, ఎవరు చితికిపోతారు. పాఠ్యపుస్తకాలు "మొత్తం మీద దేశానికి లాభం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ఆ మొత్తంలో ఎవరి వాటా ఎంతో చెప్పవు. విశాఖ చుట్టూ కంటికి కనిపించే ఉదాహరణలతో మాట్లాడాలని ఉంది. మూడు చోట్ల ఆగిపోయాం.

ఒకటి. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. కట్టేది అక్కడి దిగుమతిదారు కదా, ఇక్కడ రొయ్యల రైతుకు ధర ఎందుకు తగ్గాలి? సుంకం 50 అయితే ధర సగానికి పడుతుందా?

రెండు. 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం దిగుమతి ఉక్కు మీద 12 శాతం రక్షణ సుంకం వేసింది. అంటే విశాఖ ఉక్కుకి మేలు జరిగినట్టేనా?

మూడు. నష్టపోయినవాళ్లకి సాయం ప్రకటిస్తూనే ఉంటారు. అది నిజంగా ఎవరిదాకా చేరుతుంది?

రాజకీయం వద్దండీ, లెక్కలు చెప్పండి. రేట్లు తర్వాత మారినా పర్వాలేదు, లెక్కగట్టే పద్ధతి తెలిస్తే చాలు.

కౌంట్ లెక్క

మొదటి ప్రశ్న వరకు చెప్తాను.

సుంకం చలానా ఎవరి పేరు మీద ఉంది అన్నది ఒక విషయం, ఆ భారం ఎవరి మీదికి జారింది అన్నది ఇంకో విషయం. పైగా మనవాళ్లలో చాలామంది ఎగుమతిదారులు అమెరికా సరుకును "డీడీపీ" పద్ధతిలో అమ్ముతారు. సుంకం కట్టి కొనుగోలుదారు గోదాముకి చేర్చే బాధ్యత అమ్మినవాడిదే. అక్కడ వాళ్లకే ఒక అనుబంధ కంపెనీ ఉంటుంది, దిగుమతిదారుగా నమోదయ్యేది అదే. కాబట్టి "కట్టేది అమెరికావాడు" అన్నది కాగితం మీద మాటే.

ఇక అంకెలు. అమెరికా సుంకాన్ని ఎఫ్‌ఓబీ విలువ మీద లెక్కేస్తుంది. ఓడ కిరాయి, బీమా అందులో కలవవు (మన కస్టమ్స్ మాత్రం ఆ రెండూ కలిపిన విలువ మీద వేస్తుంది, పోల్చేటప్పుడు ఇక్కడే తడబడతారు). లెక్క తేలిగ్గా ఉండటానికి, ఒలిచి నరం తీసిన వనామి (మన చెరువుల్లో పెంచే రొయ్య రకం) కిలో 10 డాలర్లు అనుకుందాం.

కొత్త సుంకాలకు ముందు మన రొయ్య మీద ఉన్నవి రెండు: సబ్సిడీలకు విరుగుడుగా వేసిన కౌంటర్‌వెయిలింగ్ సుంకం 5.77 శాతం, మరీ చవగ్గా దించుతున్నారన్న కారణంతో వేసిన యాంటీ డంపింగ్ సుంకం 2.49 శాతం. కలిపి 8.26. అంటే సుంకంతో సహా 10.83 డాలర్లు. దానికి 50 చేరితే 58.26 శాతం, సరుకు 15.83 డాలర్లు. అదే సమయంలో మన పోటీదారు ఈక్వెడార్ మీద 15 శాతం, కౌంటర్‌వెయిలింగ్ 3.78, కలిపి 18.78. వాళ్లు కూడా 10 డాలర్లకే అమ్మితే సుంకంతో 11.88.

మన సరుకు అక్కడ 11.88 దగ్గర నిలబడాలంటే ఎఫ్‌ఓబీ ఎంత ఉండాలి? 11.88ని 1.5826తో భాగించండి. 7.50 డాలర్లు. అంటే తగ్గాల్సింది సగం కాదు, పావు వంతు. మన నెత్తిన పడిన సుంకం ఒక్కటే చూస్తే సరిపోదు. పోటీదారుడికీ మనకీ ఉన్న తేడాయే ధరని నిర్ణయిస్తుంది. ఈక్వెడార్ మీదా 50 వేసి ఉంటే భారంలో ఎక్కువ భాగం అమెరికా వినియోగదారుడే మోసేవాడు.

ఇప్పుడు ఆ 2.50 డాలర్లు గట్టు దాకా ఎలా దిగుతాయో చూడండి. డాలరు 88 రూపాయల లెక్కన కిలోకి 220 రూపాయలు. తలతో ఉన్న రొయ్య 100 కిలోలు ఒలిస్తే, తల, పెంకు, నరం పోగా మిగిలేది సుమారు 52 కిలోలు. కిలో ఒలిచిన మాంసానికి 1.92 కిలోల పచ్చి రొయ్య కావాలి. 220ని 1.92తో భాగిస్తే 114 రూపాయలు. కోత మొత్తం రైతు మీదికి తోసేస్తే 40 కౌంట్ (కిలోకి 40 తూగే రొయ్య) కిలోకి పడే దెబ్బ అది. ప్లాంట్ ఖర్చులు (కూలి, కరెంటు, ప్యాకింగ్, ఐస్) తగ్గవు. తగ్గించడానికి వీలున్న అంకె ముడిసరుకు ధర ఒక్కటే.

నిజంగా 114 పడుతుందా అంటే, మొత్తం పడదు. అమెరికా కొనే రొయ్యల్లో మూడో వంతుకు పైగా మనవే. ఒలిచిన సరుకులో మన చేయి ఇంకా పైన. ఈక్వెడార్ ప్రధానంగా తలతో ఉన్న రొయ్యను చైనాకి పంపే దేశం, ఒలిచే చేతులు అక్కడ అంత చవకగా దొరకవు. రాత్రికి రాత్రి మన చోటు భర్తీ చేయలేరు కాబట్టి అమెరికాలో ధర కొంత పెరిగి, కొంత భారం అక్కడికీ పోతుంది. రూపాయి బలహీనపడితే మరికొంత తగ్గుతుంది. కానీ ఈ సర్దుబాటుకి నెలలు పడుతుంది. చెరువుకి అంత ఓపిక లేదు.

ఓపిక లేకపోవడం అంటే ఇదీ. 40 కౌంట్, అంటే ఒక్కొక్కటి 25 గ్రాములు. చెరువులో 3 టన్నులు ఉంటే 1,20,000 రొయ్యలు. రోజుకి బరువులో 2 శాతానికి కొంచెం పైన మేత, 65 కిలోలు అనుకోండి. మేత కిలో 90 చొప్పున 5,850 రూపాయలు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఎనిమిది (ఒక్కోటి 1.5 కిలోవాట్లు) 16 గంటలు తిరిగితే 192 యూనిట్లు. రోజుకి 0.2 గ్రాము పెరిగితే చెరువులో చేరేది 24 కిలోలు. గట్టు ధర 260కి పడిపోయి ఉంటే అది 6,240 రూపాయలు. మేతకీ కరెంటుకీ బొటాబొటీ. ఈహెచ్‌పీ (ఎదుగుదలని దెబ్బతీసే పరాన్నజీవి) ఉన్న చెరువైతే పెరుగుదల 0.1 గ్రాముకి పడిపోతుంది: 12 కిలోలు, 3,120 రూపాయలు. మేత మాత్రం తింటూనే ఉంటుంది. రోజుకి మూడు వేలకు పైగా నీళ్లలో పోసినట్టే. పక్క చెరువుకి వైట్ స్పాట్ వైరస్ తగిలితే ఆ మాత్రం ఆగే వీలూ ఉండదు. ధర పడిన వారంలోనే అందరూ ఒకేసారి పట్టుబడికి దిగుతారు, దాంతో ధర ఇంకా పడుతుంది. కోల్డ్ స్టోరేజీ ఉన్నవాడు మైనస్ 18 డిగ్రీల దగ్గర సరుకు పెట్టుకుని చూస్తుంటాడు. ఎద్దు పుండు కాకికి ముద్దు.

ఎగుమతిదారులందరూ ఒకటే అనుకోకండి. ఓడెక్కిన సరుకుకి ఇచ్చిన వెసులుబాటు చూడండి: ఆగస్టు 27 లోపు ఓడెక్కి, సెప్టెంబరు 17 లోపు అక్కడ దిగితేనే రెండో 25 శాతం పడదు (ఆ 50 రెండు విడతలుగా, 25 చొప్పున వేసింది). ఇక్కడి నుంచి సరుకు చేరడానికి నెల దాటుతుంది. ఆగస్టు మూడో వారంలో ఎక్కినదానికి ఆ వెసులుబాటు ఉన్నా లేనట్టే. కంటైనర్‌లో 16 టన్నులు, కిలో 10 డాలర్లు అనుకుంటే అదనపు 25 శాతం 40,000 డాలర్లు, 35 లక్షల రూపాయలు, ఒక్క పెట్టె మీద.

ఇంకోటి, బయట ఎవరూ పట్టించుకోనిది: కస్టమ్స్ బాండ్. ఏడాదిలో కట్టే సుంకాలలో 10 శాతానికి హామీ బాండ్ పెట్టాలి. ఏడాదికి 2 కోట్ల డాలర్ల సరుకు పంపేవాడికి 8.26 శాతం దగ్గర 1.65 లక్షల డాలర్ల బాండ్ సరిపోయేది. 58.26 దగ్గర అది 11.65 లక్షలు. దానికి పూచీ ఇవ్వలేని మధ్యతరహా ఎగుమతిదారు అమెరికా సరుకు మానుకుంటాడు. పెద్దవాడు నిలబడతాడు, కొనేవాళ్లు తగ్గారు కాబట్టి గట్టు మీద చవగ్గా కొంటాడు. అదే సుంకం ఒకే వీధిలో ఒకడిని ముంచి పక్కవాడి వాటా పెంచుతుంది.

డాబాగార్డెన్స్ పాఠకుడు

పోటీదారుడితో తేడా అన్న మాట చాలా ఉపయోగపడింది మాస్టారూ. ఒక సందేహం: అమెరికా కాకపోతే యూరప్, చైనా అంటున్నారు కదా. సరుకు అటు మళ్లిస్తే అయిపోదా?

కౌంట్ లెక్క

మళ్లించవచ్చు, కొళాయి తిప్పినంత తేలిక కాదు. యూరప్‌లో మన వనామికి 4.2 శాతం సుంకం, ఈక్వెడార్‌కి సున్నా. పైగా మన సరుకులో సగం కన్‌సైన్‌మెంట్లను రేవులో ఆపి యాంటీబయాటిక్ అవశేషాల కోసం పరీక్షిస్తారు. ప్లాంట్ యూరప్ జాబితాలో ఉండాలి, చెరువు నమోదై ఉండాలి, పట్టుబడికి ముందు నమూనా తీసి ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ) ల్యాబ్‌లో నైట్రోఫ్యూరాన్లు, క్లోరాంఫెనికాల్ పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. మేత దుకాణంలో ఇచ్చిన పేరు లేని "గట్ మందు" వాడిన చెరువు అక్కడే ఆగిపోతుంది. చైనా ధర తక్కువ. బ్రిటన్‌తో 2025 జూలై 24న సంతకమైన ఒప్పందం మంచిదే గానీ అమెరికా ఖాళీని పూడ్చేంత మార్కెట్ కాదు. ఒకసారి మళ్లాక తిరిగి అమెరికాకి పోవడం మాత్రం తేలికే, అది తెలిసే అక్కడ కొనేవాళ్లు బేరం గట్టిగా ఆడతారు.

గాజువాక కొలిమి

రెండో ప్రశ్న. రక్షణ సుంకం వల్ల విశాఖ ఉక్కుకి మేలు జరిగిందని పత్రికల్లో కూడా రాశారు. నోటిఫికేషన్‌లో ఏ వస్తువులు ఉన్నాయో చదివితే ఆ మాట నిలవదు.

2025 ఏప్రిల్ 21న 200 రోజులకు వేసిన ఆ 12 శాతం "ఫ్లాట్" ఉత్పత్తుల మీద: హాట్ రోల్డ్ కాయిల్స్, షీట్లు, ప్లేట్లు, కోల్డ్ రోల్డ్, పూత పూసిన, రంగు వేసిన రేకులు. విశాఖ ఉక్కు కర్మాగారం తయారుచేసేది "లాంగ్" ఉత్పత్తులు: కడ్డీలు, వైర్ రాడ్, రౌండ్లు, స్ట్రక్చరల్స్, బిల్లెట్లు. రేకు కాయిల్ ఒక్కటి కూడా చుట్టదు. 73 లక్షల టన్నుల సామర్థ్యం ఉన్న ప్లాంట్, మూడు బ్లాస్ట్ ఫర్నేసులు (గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ), ఆ సుంకం నేరుగా కాపాడే సరుకు ఒక టన్ను లేదు. లాభపడింది రేకు కాయిల్ చేసే కంపెనీలు. వాటిలో కొన్నింటికి సొంత గనులు ఉన్నాయి.

విశాఖ ఉక్కుకి సొంత ఇనుప గనులు లేవు. బైలదిల్లా నుంచి కొత్తవలస–కిరండూల్ లైన్ మీద దిగే ఖనిజాన్ని మార్కెట్ ధరకి కొంటుంది. టన్ను ఇనుముకి సుమారు 1.6 టన్నుల ఖనిజం. టన్ను ఖనిజం మీద వెయ్యి రూపాయలు పెరిగితే టన్ను ఇనుము మీద 1,600 పెరిగినట్టు. కోకింగ్ బొగ్గు ఎక్కువభాగం విదేశాలదే. అంటే ఈ ప్లాంట్ బతుకు ఉక్కు దిగుమతి సుంకం మీద కంటే ఖనిజం మీది ఎగుమతి సుంకం, బొగ్గు మీది దిగుమతి సుంకం మీద ఎక్కువ ఆధారపడి ఉంది.

2022 మే 22న ఇదంతా ఒకే రోజు కనిపించింది. ఇనుప ఖనిజం ఎగుమతి సుంకం 50 శాతానికి పెంచారు, కోకింగ్ బొగ్గు మీది 2.5 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు, చాలా రకాల ఉక్కు ఎగుమతుల మీద 15 శాతం వేశారు. మొదటి రెండూ ఖనిజం కొనుక్కునే ప్లాంట్‌కి అనుకూలం, మూడోది ప్రతికూలం. గని యజమానికి, ఖనిజం ఎగుమతి చేసే రేవుకి మొదటిదే గొడ్డలిపెట్టు. కడ్డీ కొని ఇల్లు కట్టుకునేవాడికి మూడోది హాయి. నవంబరు 19న వెనక్కి తీసుకున్నారు. ఆరు నెలల్లో రెండుసార్లు గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ చోట్లు మార్చుకున్నారు. ఏటా ఒప్పందాలు రాసుకునే వ్యాపారానికి రేటు ఎంత అన్నదానికంటే ఎన్నాళ్లు ఉంటుందో తెలియకపోవడమే పెద్ద నష్టం.

ఇక ఆ 12 శాతం భారం ఎవరి మీద? ఆటోనగర్‌లో ప్లేటు, షీటు కోసి ట్యాంకులు, హాపర్లు, డక్టులు, ట్రాలీ బాడీలు చేసే షెడ్ల మీద. కొరియా, జపాన్‌లతో ఉన్న ఒప్పందాల వల్ల అక్కడి కాయిల్ సుంకం లేకుండా వచ్చేది. టన్ను 500 డాలర్లు, డాలరు 85 అనుకుంటే 42,500 రూపాయలు, దాని మీద 12 శాతం 5,100. దిగుమతి ధర పెరిగిన మేర దేశీయ మిల్లు కూడా ధర పెంచుకునే వీలు దొరుకుతుంది, కాబట్టి దిగుమతి సరుకు ముట్టనివాడికీ దెబ్బ తగులుతుంది. నెలకి 20 టన్నులు కోసే షెడ్డుకి లక్ష దాటుతుంది. ఇది గరిష్ఠ లెక్క, మిల్లు పూర్తిగా పెంచలేకపోతే తక్కువ ఉంటుంది. 675 డాలర్ల పైన వచ్చే హాట్ రోల్డ్ కాయిల్‌కి సుంకం వర్తించదన్న నిబంధన కూడా ఉంది. ఖరీదైన ప్రత్యేక గ్రేడ్ కొనేవాడికి ఊరట, మామూలు గ్రేడ్ కొనే చిన్న షెడ్డుకి ఏమీ లేదు.

అసలు తిరకాసు ఇక్కడుంది. ముడి రేకు మీద సుంకం వేశారు, ఆ రేకుతో చేసిన తయారీ సరుకు ఆ జాబితాలో లేదు. విదేశంలో చవక రేకుతో చేసిన స్ట్రక్చర్ ఈ సుంకం లేకుండా వస్తుంది, ఇక్కడ ఖరీదు రేకుతో చేసినవాడు దాంతో పోటీ పడాలి. ఏ సుంకాన్ని చూసినా మొదట అడగాల్సింది రెండు: నేను అమ్మే సరుకు మీద ఎంత రక్షణ, నేను కొనే సరుకు మీద ఎంత భారం. కొనేదాని మీద ఎక్కువ ఉంటే, "దేశీయ పరిశ్రమకి రక్షణ" అని పేపర్లో ఏం రాసినా మీరు ఓడిన పక్షమే.

2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీ వేరే సంగతి. అది అప్పుల భారానికి, మూలధనానికి. ఖనిజం ఖర్చు తేడాని అది మార్చదు. ప్లాంట్ కోసం భూములిచ్చి ఆర్ కార్డు (నిర్వాసితుల కార్డు) పట్టుకుని ఉద్యోగం కోసం వరుసలో మిగిలిపోయిన కుటుంబాల లెక్క కూడా మీ చర్చలో రావాలి. వాళ్లు భూమి ఇచ్చింది ఎప్పటి ధరకో, ఇప్పుడు గాజువాకలో గజం ఎంతో అందరికీ తెలుసు. విధానం వల్ల పెరిగిన విలువ మొత్తం తర్వాత కొన్నవాళ్ల చేతికి పోయింది.

రేవు గాలి

పై రెండు జవాబులూ బాగున్నాయి గానీ, అన్నిటికీ సుంకమే కారణం అనే ధోరణి నాకు నచ్చదు. వనామి ధరలు 2025కి ముందే దిగజారాయి. 2022లో ఈక్వెడార్ ఎగుమతులు 10 లక్షల టన్నులు దాటాయి. కోవిడ్ తర్వాత కొన్నాళ్లకి కొనుగోళ్లు మందగించాయి. మన చెరువుల్లో ఈహెచ్‌పీ, మేత ఖర్చు ముందునుంచే ఉన్నాయి. అప్పటికే నడుం వంగిన రంగం మీద సుంకం పడింది. చర్చలో ఈ రెండూ విడదీసి చెప్పకపోతే, రేపు సుంకం ఎత్తేసినా ధర ఎందుకు రాలేదని అడుగుతారు.

మేత ఖర్చులోనూ వర్తక విధానం ఉంది. సోయా చెక్క దిగుమతిని అడ్డుకోవడం మధ్యప్రదేశ్, మహారాష్ట్ర సోయా రైతుకి రక్షణ. అదే కోళ్లకీ రొయ్యలకీ మేత ఖరీదు. 2021లో ధర మండిపోయినప్పుడు 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతిచ్చారు, అప్పుడు సోయా రైతులు గగ్గోలు పెట్టారు. ఇద్దరూ రైతులే. ఎవరి పక్షం?

ఫిషింగ్ హార్బర్ సంగతి వేరు, జనం కలిపేస్తుంటారు. బోట్లు పట్టే సముద్రపు రొయ్య అమెరికాకి అసలు పోదు. తాబేళ్లు తప్పించుకునే పరికరం వలలకు అమర్చలేదన్న కారణంతో 2019 నుంచి మన సముద్రపు రొయ్యను వాళ్లు తీసుకోవడం లేదు. అందువల్ల 50 శాతం వేసినా 5 శాతం వేసినా హార్బర్‌కి నేరుగా తేడా లేదు. దొడ్డిదారిన తగులుతుంది: అమెరికాకి పోని చెరువు రొయ్య ఇతర దేశాలకీ స్థానిక బజారుకీ మళ్లుతుంది, అక్కడ సముద్రపు రొయ్య ధర లాగేస్తుంది. ఆ పరికరం నిబంధన వల్ల పోయిన మార్కెట్ ఎప్పుడో పోయింది, దాని మీద ఎవరూ ధర్నా చేయలేదు. సుంకం అంటే అంకె, పత్రికలో పడుతుంది. నిబంధన అంటే కాగితం, చప్పుడు లేకుండా మార్కెట్ మూసేస్తుంది.

కౌంట్ లెక్క

2022 మాట ఒప్పుకుంటాను, నేను దాన్ని వదిలేశాను. సుంకం ప్రభావం లెక్కకట్టాలంటే ఆగస్టు ధరని ముందటి ఏడాది ఆగస్టుతో పోల్చకూడదు. అదే వారం ఈక్వెడార్ గట్టు ధర ఎంత తగ్గిందో చూసి, మనది అంతకంటే ఎంత ఎక్కువ తగ్గిందో తీసుకోవాలి.

చలానా చూసినవాడు

మూడో ప్రశ్నకి నాకు తోచింది.

సాయం ఏ గొట్టంలోంచి వస్తుందో చూస్తే ఎవరిదాకా చేరుతుందో తెలిసిపోతుంది. 2025 నవంబరులో రిజర్వ్ బ్యాంకు ప్రభావిత ఎగుమతి రంగాలకు సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 మధ్య కట్టాల్సిన వాయిదాలకు మారటోరియం ఇచ్చింది. ఎగుమతి డబ్బు తెచ్చుకునే గడువు 9 నెలల నుంచి 15కి పెంచింది. కేంద్రం ఎగుమతిదారులకు 20,000 కోట్ల దాకా రుణ హామీ పథకం తెచ్చింది. అన్నీ అవసరమైనవే, కాదనను. కానీ గొట్టం బ్యాంకు. బ్యాంకు రుణం ఉన్నవాడికే వాయిదా ఆగుతుంది.

కౌలు చెరువు రైతు అప్పు ఎక్కడుంది? మేత డీలర్ దగ్గర. సీడ్ (రొయ్య పిల్లలు), మేత, మందులు అరువు, పట్టుబడి రోజు లెక్క తేల్చుకోవడం. సరుకు కూడా ఆ డీలర్ చెప్పిన కొనుగోలుదారుకే ఇవ్వాలి. ఆ అప్పుకి మారటోరియం లేదు, ఆలస్యమైతే కిలో మేత మీద వేసే తేడా రూపంలో వడ్డీ పెరుగుతుంది. కౌలు ముందే కట్టేసి ఉంటాడు. కిసాన్ క్రెడిట్ కార్డు మత్స్య రైతులకీ ఉంది, కానీ చెరువు రిజిస్ట్రేషన్, భూమి కాగితం యజమాని పేరు మీద ఉంటే కౌలుదారు బ్యాంకు గడప దాటలేడు. కరెంటు సబ్సిడీ (యూనిట్ 1.50 రూపాయల రేటు) కూడా మీటరు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లదే. తప్పు జరిగేది ఎక్కడంటే, నష్టం చెరువు చేసేవాడికి, సాయం చెరువు ఉన్నవాడికి. సాయం చేరాలంటే రాతపూర్వక కౌలు పత్రమో, పట్టుబడి నాడు ప్లాంట్ ఇచ్చే తూకం చీటీయో ఆధారంగా తీసుకోవాలి. తూకం చీటీలో కౌంట్, బరువు, తేదీ, చెరువు అన్నీ ఉంటాయి. దాన్ని దాచుకోమని చెప్పండి.

ఇంకా కిందికి దిగితే ప్లాంట్‌లో తలలు తీసే, ఒలిచే ఆడవాళ్లు. ఎక్కువచోట్ల కిలో లెక్కన కూలి. ప్లాంట్ మూతపడితే అది వార్త, లెక్కలోకి వస్తుంది. మూతపడకుండా వారానికి ఆరు రోజుల పని మూడు రోజులైతే ఎవరి లెక్కలోకీ రాదు. ఉద్యోగం పోలేదు కదా అంటారు.

దాని వెనక ఇంకో దెబ్బ ఉంది. ఈఎస్‌ఐలో జబ్బు భత్యం రావాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకి చందా పడి ఉండాలి. ఏప్రిల్–సెప్టెంబరు చందాకి భత్యం వచ్చేది తర్వాతి జనవరి–జూన్‌లో. అక్టోబరు–మార్చి చందాకి జూలై–డిసెంబరులో. వారానికి మూడు రోజుల పని 26 వారాలు నడిస్తే సరిగ్గా 78. ఒక్క వారం సరుకు రాకపోతే 75. సుంకం ఆగస్టులో పడింది, ఆమెకి జబ్బు భత్యం రాకపోవడం మరుసటి జూలైలో తెలుస్తుంది. అప్పుడు ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ గుర్తుండదు. పని తగ్గిన ప్లాంట్లలో అక్టోబరు–మార్చి రోజుల లెక్క ఫిబ్రవరి మొదట్లోనే చూసుకోవాలి. అప్పటికి 55 దాటకపోతే మిగిలిన రోజుల్లో ఎన్ని కావాలో సూపర్‌వైజర్‌తో ముందే మాట్లాడుకోవచ్చు. మార్చి చివర చూసుకుంటే చేసేదేం లేదు.

"ఇక్కడ పోతే ఇంకోచోట చేరతారు" అనే వాదన వస్తుంది చర్చలో, తప్పకుండా. 1991 తర్వాతి సుంకాల తగ్గింపు మీద ఆర్థికవేత్త పెటియా టోపలోవా చేసిన జిల్లాలవారీ పరిశీలన చూడండి. దిగుమతి పోటీ ఎక్కువ తగిలిన గ్రామీణ జిల్లాల్లో పేదరికం తగ్గడం మిగతాచోట్ల కంటే నెమ్మదించింది, జనం ఊళ్లు మారింది చాలా తక్కువ. పెట్టుబడి ఊరు మారుతుంది. రేషన్ కార్డు, పిల్లల బడి, డ్వాక్రా గ్రూపు అప్పు ఉన్న మనిషి అంత తేలిగ్గా మారదు.

డాబాగార్డెన్స్ పాఠకుడు

78 రోజుల సంగతి మాలో ఒక్కరికీ తెలియదు. చివరిగా ఒకటి: అమెరికాకి పెద్ద రొయ్య కావాలి కాబట్టి దెబ్బ 30, 40 కౌంట్‌కే అంటున్నారు. అయితే రైతు 100 కౌంట్‌కే పట్టేసి ఆ పోటీలోంచి తప్పుకోవచ్చు కదా?

కౌంట్ లెక్క

చాలామంది అదే చేస్తారు, అందుకే అక్కడా తప్పించుకోలేరు.

ఖర్చు మొదట. 80 శాతం బతికితే 40 కౌంట్ కిలోకి 50 సీడ్, 100 కౌంట్ కిలోకి 125 సీడ్. సీడ్ ఒక్కోటి 40 పైసలు అనుకుంటే 20 రూపాయలు 50 అవుతుంది. మేత కిలో రొయ్యకి 1.4 నుంచి 1.1కి తగ్గుతుంది, 27 రూపాయలు మిగులు. ఇటు 30 పోయి అటు 27 వస్తాయి. కరెంటు, రోగం భయం తగ్గుతాయి, అది నిజమైన లాభం. అయితే అందరూ అరవై రోజులకే పట్టేస్తే చిన్న కౌంట్ గుట్టలు పడి దాని ధర కూడా దిగుతుంది.

సైజు లెక్క కూడా చూడండి. 40 కౌంట్ తల తీస్తే (65 శాతం మిగులుతుంది) కిలోకి 61 లేదా 62, పౌనుకి 28. అమెరికా వాడే 26/30 సైజు అదే. 100 కౌంట్ తల తీస్తే పౌనుకి 70. అమెరికా సూపర్ మార్కెట్ పెట్టెలో దానికి చోటు తక్కువ, కొనేవాళ్లు వేరు, వాళ్లు ఎప్పుడూ తక్కువ ధరవాళ్లే.

పైన చలానా చూసినవారు చెప్పిన ఆడవాళ్ల దగ్గరికి ఇదీ వెళ్తుంది. కిలో మాంసానికి 40 కౌంట్‌లో 77 రొయ్యలు ఒలవాలి. 100 కౌంట్‌లో 192. కూలి రేటును కౌంట్ ప్రకారం మార్చని ప్లాంట్‌లో, అదే కిలోకి అదే డబ్బు, రెండున్నర రెట్లు చేతి పని. మీ చర్చకి ఎవరైనా పీలింగ్ షెడ్ నుంచి వస్తే కౌంట్ మారినప్పుడు రేటు మారుతుందా అని అడగండి.